పికప్ బండికి పెద్ద బ్యాటరీ కొనకముందు ఎర్తు తీగను చూడవలెను

కోసిన టమాటా రైతు కొరకు ఆగదు. తెల్లవారకముందే అది మార్కెట్టు చేరవలెను. మదనపల్లె చుట్టుప్రక్కల రైతులకు ఈ సంగతి మరొకరు చెప్పనవసరము లేదు. జోడెడ్ల బండ్ల కాలములో ఎద్దుకు జబ్బు చేసినచో ముందునాడు మేత ముట్టనప్పుడే తెలిసిపోయెడిది. నేడు ఆ పని పికప్ బండి చేయుచున్నది. దాని జబ్బు మాత్రము రాత్రి మూడు గంటలకు, సరకంతయు ఎక్కించి తాళపుచెవి త్రిప్పినప్పుడే బయటపడుచున్నది.

మా మండలములో ఒక రైతుకు పాత పికప్ బండి కలదు. సెల్ఫు బలహీనముగా తిరుగుచున్నదని ఆయన రెండేండ్లలో రెండు బ్యాటరీలు మార్చెను. అప్పటికిని గుణము కనబడలేదు. మూడవసారి ఎక్కువ శక్తి గల బ్యాటరీ కొని, దానితోపాటు డైనమోను కూడ పెద్దది వేయించెను. నెల తిరుగకముందే ఒక రాత్రి నిండు లోడుతో బండి మొరాయించినది. సెల్ఫు 'టక్' మని ఒక్క చప్పుడు చేసి ఊరకున్నది. నలుగురు మనుష్యులు త్రోసినను ఇసుక దారిలో బండి కదలలేదు. సరకును వేరొక బండికి మార్చి పంపునప్పటికి వేలము సగము ముగిసినది. ఆనాడు ఆయనకు కలిగిన నష్టము ఒక బ్యాటరీ వెలకంటె తక్కువ కాదు.

మరునాడు ఆకుమచ్చ చూచుటకు ఆయన తోటకు పోయితిని. "సార్, మీరు చెట్ల డాక్టరు గదా, ఈ బండికి గూడ ఏదన్నా మందు చెప్పండి" అనెను. నేను వ్యవసాయ పట్టభద్రుడనే గాని మెకానిక్కును కాను. అయినను పట్నములో నలువది ఏండ్లుగా బండ్ల వైరింగు చేయుచున్న ఒక పెద్ద మిస్త్రీని పిలిపించితిమి. ఆయన బ్యాటరీ వంక చూడనైన చూడలేదు. సెల్ఫు కొట్టమని చెప్పి, యాక్సిలరేటరు కేబులుపై చేయి వేసి వెంటనే వెనుకకు తీసికొనెను. కేబులు కాలుచున్నది. "అన్నా, కరెంటు దొంగదారిన పోతా ఉండాది" అని బండి క్రిందికి దూరెను. ఇంజనుకును ఛాసీకిని నడుమ నుండవలసిన అల్లిక తీగను పట్టుకొని లాగగా అది చేతిలోనికే వచ్చినది. పచ్చని చిలుము పట్టి రెండు మూడు పోగులతో మాత్రమే అది నిలిచియున్నది. అంత చిన్న తీగ కొరకు ఈ రైతు మూడు బ్యాటరీలు, ఒక డైనమో కొనియుండెను.

ఆ తీగను మార్చిన పిమ్మట, పనికిరాదని తీసివేసి ఇంటిలో ఇన్వర్టరుకు పెట్టుకొన్న రెండవ బ్యాటరీతోనే సెల్ఫు గిరగిర తిరిగినది. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఇదియే.

తిరిగి వచ్చు దారి

బండిలో ఎర్తు అనగా బోరు మోటారునకు ఉప్పు, బొగ్గు వేసి పాతు ఎర్తు కాదు. రబ్బరు టైర్లపై నిలిచిన బండికి భూమితో పని లేదు. బ్యాటరీ ప్లస్సు నుండి బయలుదేరిన విద్యుత్తు సెల్ఫులోనో దీపములోనో పని చేసి మరల బ్యాటరీ మైనస్సునకు చేరవలెను. ఈ తిరుగు ప్రయాణమునకు వేరే తీగలు వేయక, బండి ఇనుమునే దారిగా వాడుకొందురు. దానికే బండ్లవారు ఎర్తు అని పేరు పెట్టిరి.

కపిల తోలిన పెద్దలు ఇప్పటికిని కొందరున్నారు. ఎద్దులు వాలులోనికి దిగి బాన పైకి వచ్చుట ఒక పని. ఎద్దులు వెనుకకు నడచి బాన మరల బావిలోనికి పోవుట రెండవ పని. వెనుక నడకకు దారి లేనిచో ఎంత బలమైన ఎద్దులు కట్టినను నీరు పారదు. బ్యాటరీ కూడ అట్టిదే.

ఇచ్చట ఒక చిక్కు కలదు. ఇంజను ఛాసీపై నేరుగా కూర్చుండదు. అదురు తగులకుండ రబ్బరు దిండ్లపై కూర్చుండును. డ్రైవరు క్యాబినును కూడ చాల పికప్ బండ్లలో రబ్బరు దిండ్లపైననే నిలుపుదురు. రబ్బరు విద్యుత్తును పోనీయదు. అందుచేత బ్యాటరీ మైనస్సు నుండి ఛాసీకి ఒక తీగ, ఇంజనుకు లేక గేరుపెట్టెకు ఒక తీగ, క్యాబినుకు ఒక తీగ అవసరము. సెల్ఫును, డైనమోను రెండును ఇంజనుకే బిగించియుందురు. కనుక ఇంజను ఎర్తు తీగ పాడైనచో సెల్ఫుకు బలము చాలదు. డైనమో పుట్టించిన విద్యుత్తు బ్యాటరీకి పూర్తిగా చేరదు. ఎప్పుడును సగము నిండి సగము ఆకలితో నుండు బ్యాటరీలో పలకలపై గట్టి పొర ఏర్పడి అది త్వరగా చచ్చును. పై రైతుకు రెండేండ్లలో రెండు బ్యాటరీలు పోయినది ఇందువలననే. దారి తెగిన విద్యుత్తు ఊరకుండక యాక్సిలరేటరు కేబులు, క్లచ్చి కేబులు వంటి సన్నని ఇనుప తీగల గుండ పోవును. అవి కాలి పొగ వచ్చుటయు కలదు.

అర వోల్టు ఎంత పని చేయును?

బోరు మోటారు అలవాటున్నవారికి ఒకటి రెండు వోల్టులు లెక్క కాదు. 415 వోల్టుల త్రీఫేజు లైనుపై నడచు 5 గుఱ్ఱపు శక్తి మోటారు సుమారు 7, 8 ఆంపియర్లు మాత్రమే తీసికొనును. పికప్ బండి సెల్ఫు మోటారు దానికంటె చిన్నది. కాని 12 వోల్టులపై నడచుటచేత డీజిలు ఇంజనును త్రిప్పునప్పుడు 200 ఆంపియర్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువయు లాగును. వోల్టులు తగ్గినకొలది అదే పనికి ఆంపియర్లు పెరుగును. ఆంపియర్లు పెరిగినకొలది తీగ లావుగా నుండవలెను.

లెక్క సులభము. ఒక చదరపు మిల్లీమీటరు మందము గల రాగి తీగ మీటరు పొడవునకు 0.0175 ఓముల నిరోధము చూపును. 16 చదరపు మిల్లీమీటర్ల తీగలో 200 ఆంపియర్లు పారినప్పుడు మీటరుకు 0.22 వోల్టు పోవును. 35 చదరపు మిల్లీమీటర్ల తీగలో 0.1 వోల్టు మాత్రమే పోవును. తీగ మంచిదే అయి, దాని చివర బోల్టు క్రింద తుప్పు చేరినదనుకొనుడు. ఆ కీలు వద్ద నిరోధము ఓములో నూరవ వంతు ఉన్నను చాలును. 200 ఆంపియర్లు పోవలెనన్నచో 2 వోల్టులు అక్కడనే హరించును. 12 వోల్టులలో 2 వోల్టులనగా ఆరవ వంతు. ఆ పోయిన శక్తి 400 వాట్లు. చిన్న ఇస్త్రీపెట్టె వేడిలో సగము ఆ ఒక్క బోల్టు దగ్గర పుట్టుచున్నదన్న మాట.

దీపములకును ఇదే వర్తించును. హాలోజను దీపమునకు వోల్టులు నూటికి పది తగ్గినచో వెలుగు సుమారు నూటికి ముప్పది తగ్గును. రాత్రివేళ ఘాటు దారిలో దీపము మందముగా నున్నదని ఎక్కువ వాట్ల బల్బు వేయుట చాలమంది చేయు పని. తీగ అదే, ఎర్తు అదే అయినప్పుడు పెద్ద బల్బు వలన తీగ, హోల్డరు మరింత కాలుటయే గాని కోరినంత వెలుగు రాదు.

మన బండ్లకే ఎక్కువ చిలుము ఎందుకు?

ఈ భాగము నా వృత్తికి సంబంధించినది కనుక కొంచెము విస్తరించెదను. పట్నములో తిరుగు కారుకంటె రైతు బండికి ఎర్తు త్వరగా పాడగును. పికప్ బండిలో ఎరువుల బస్తాలు తెత్తుము. చిరిగిన బస్తా నుండి రాలిన పొటాషు ఎరువు క్లోరైడు లవణము. చెమ్మ తగిలినచో ఉప్పు వలెనే ఇనుమును తినును. యూరియా, అమ్మోనియము ఎరువుల నుండి వచ్చు అమ్మోనియా వాయువు రాగికి శత్రువు. మైలుతుత్తము సంగతి మీరెరిగినదే. బోర్డో మిశ్రమమును ఇనుప పాత్రలో కలుపరాదని మేము మాటిమాటికి చెప్పుదుము గదా! మైలుతుత్తపు నీరు ఇనుమును కరిగించి, దానిపై రాగిని పేర్చును. ఆ నీరే బండి అడుగున ఛాసీపై పడినను అదే పని చేయును. దానిపై బురద, పేడ ఎండి చెమ్మను పట్టియుంచును. కావున ఎరువులు, మందులు దింపిన దినమున బండి అడుగును మంచినీటితో కడుగుట మంచిది. వారము తరువాత కడిగినచో ప్రయోజనము తక్కువ.

ముందు పరీక్ష, తరువాత ఖర్చు

ఎలక్ట్రికల్ దుకాణములలో చౌకగా దొరకు మల్టీమీటరు ఒకటి చాలును. దానిని డి.సి. 20 వోల్టుల గుర్తుపై ఉంచవలెను. బండి రాత్రంతయు నిలిచిన పిమ్మట ఉదయమే బ్యాటరీ రెండు కొనలపై చూచినచో 12.6 వోల్టులు గాని, కొంచెము ఎక్కువ గాని ఉన్న ఎడల బ్యాటరీ నిండుగా నున్నట్లు. 12.4 అయినచో ముప్పాతిక, 12.2 అయినచో సగము, 12 అంతకంటె తక్కువ అయినచో దాదాపు ఖాళీ.

ఎర్తును చూచుటకు బండి న్యూట్రలులో నుంచి హ్యాండుబ్రేకు వేయవలెను. మీటరు నల్ల పుల్లను బ్యాటరీ మైనస్సు సీసపు కొనపైననే ఆనించవలెను. క్లాంపుపై ఆనించినచో కొన, క్లాంపుల నడుమ నున్న లోపము తెలియదు. ఎఱ్ఱ పుల్లను ఇంజను శుభ్రమైన ఇనుముపై ఉంచి, మరొకరిని సెల్ఫు కొట్టమనవలెను. రెండు మూడు సెకన్లలోనే అంకె కనబడును. 0.2 వోల్టు లోపల ఉన్నచో ఎర్తు మంచిది. 0.5 దాటినచో లోపము నిశ్చయము. ఇట్లే బ్యాటరీ ప్లస్సు కొనకు, సెల్ఫు మోటారు లావు తీగ బోల్టుకు నడుమ చూడవలెను. ఇక్కడ కూడ అర వోల్టుకు మించరాదు. ఈ రెండును సరిగా ఉండి, సెల్ఫు తిరుగునప్పుడు బ్యాటరీ రెండు కొనల మధ్య 9.6 వోల్టులకంటె క్రిందికి పడుచున్నచో, మొదట బ్యాటరీని నిండుగా ఛార్జి చేయించి మరల చూడవలెను. అప్పుడును పడినచో అది బ్యాటరీ తప్పు గాని, సెల్ఫు తప్పు గాని కావచ్చును.

తరువాత ఇంజను నడుచుచుండగా, దీపములు, ఫ్యాను వేసి, కొంచెము వేగము పెంచి చూచినచో బ్యాటరీపై సామాన్యముగా 13.8 నుండి 14.4 వోల్టుల వరకు ఉండవలెను. 13 దాటనిచో డైనమో గాని, దాని బెల్టు గాని, తీగ గాని సరిగా లేదు. 15కు పోయినచో రెగ్యులేటరు చెడి బ్యాటరీని ఉడికించుచున్నదని గ్రహించవలెను. మాటిమాటికి బ్యాటరీ నీరు తగ్గుట దీని గుర్తే.

మీటరు లేనివారికి కూడ కొన్ని గుర్తులు కలవు. ఇండికేటరు వెలిగినప్పుడెల్ల పెద్ద దీపము తగ్గుచున్నను, దీపములు వేయగనే ఇంజను వేడి ముల్లు పైకి పోవుచున్నను మొదట ఎర్తునే అనుమానింపవలెను.

పెద్ద డైనమో ఎవరికి కావలెను?

చెరువు లోతు చేసినంత మాత్రమున వాన ఎక్కువ కురియదు. పెద్ద బ్యాటరీ ఎక్కువ విద్యుత్తును నిలువ చేయును గాని పుట్టింపదు. పుట్టించునది డైనమో. కాబట్టి బండిపై ఎన్ని వాట్ల పని పెట్టితిమో కూడుకొనవలెను. పెద్ద దీపములు రెండును కలిపి 110 నుండి 120 వాట్లు. చిన్న దీపములు, ఫ్యాను, వైపరు, ఇంజను కంప్యూటరు కలిసి మరి 300 వాట్లనుకొనుడు. లోడు ఎక్కించుటకు వేసిన ఎల్.ఇ.డి. దీపములు, మందు కొట్టు 12 వోల్టుల పంపు కలిసి 180. మొత్తము 600 వాట్లు. దీనిని 13.5 చేత భాగించగా సుమారు 45 ఆంపియర్లు. 75 ఆంపియర్ల డైనమో దీనికి చాలుననిపించును. కాని ఆ 75 ఇంజను వేగముగా తిరుగునప్పుడే. మార్కెట్టు గేటు వద్ద వరుసలో ఐడిలులో నిలిచినప్పుడు అందులో సగము మాత్రమే వచ్చుట సామాన్యము. కొరత బ్యాటరీ నుండి పోవును. అట్టిచోట పెద్ద దీపములు ఆర్పుట ఖర్చు లేని ఉపాయము.

చల్లబెట్టు పెట్టె, హైడ్రాలిక్ పంపు, పంపుతో మందు కొట్టు పని ప్రతిదినము ఉన్నవారికి పెద్ద డైనమో న్యాయమే. అయితే 100 ఆంపియర్లు పుట్టించుటకు ఇంజను నుండి 3 గుఱ్ఱపు శక్తికి పైగా పోవును. డీజిలు ఊరక రాదు. బెల్టు జారకుండ చూడవలెను. ముఖ్యముగా, పాత డైనమో తీగపై కొత్త డైనమో వేయరాదు. 100 ఆంపియర్లకు 25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేసినచో 2 మీటర్ల దూరమునకు 0.14 వోల్టు మాత్రమే పోవును. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ అయినచో 0.35 వోల్టు పోయి తీగ వేడెక్కును. వెళ్ళు తీగ ఎంత లావో, ఇంజను ఎర్తు తీగ అంతకు తక్కువ కారాదు. సెల్ఫు విద్యుత్తు కూడ ఎర్తు గుండనే రావలెను గనుక దానికి 35 వేయుట మేలు.

ఈ పనిలో నేను చూచిన మిక్కిలి అపాయకరమైన పొరపాటు ఫ్యూజు వదలివేయుట. పాత తీగ ప్రక్కనే కొత్త లావు తీగను ఫ్యూజు లేక బిగించినచో, పాత ఫ్యూజు ఉండియు లేనట్లే. తీగ పై తోలు ఎక్కడనో ఒరిసి ఛాసీకి తగిలిన క్షణమున బ్యాటరీ శక్తి అంతయు అక్కడ మంటగా మారును. డీజిలు గొట్టము ఎంతో దూరములో ఉండదు. డైనమో ఇచ్చు ఆంపియర్లకు కొంచెము ఎక్కువగాను, తీగ భరించుదానికి తక్కువగాను ఉండు ఫ్యూజును, పై తీగకు 125 ఆంపియర్లది, బ్యాటరీ ప్లస్సుకు జానెడు దూరములో వేయవలెను. రేకు రంధ్రములలో రబ్బరు గుబ్బ పెట్టి, సైలెన్సరుకు దూరముగా తీగను కట్టవలెను.

పని చేయు విధము

బీడీ, సిగరెట్టు దూరముగా నుంచవలెను; ఛార్జి అగు బ్యాటరీ నుండి హైడ్రోజను వచ్చును. ఊడదీయునప్పుడు మైనస్సు మొదట, బిగించునప్పుడు మైనస్సు చివర. ప్లస్సును ముందు విప్పబోయి పానా ఛాసీకి తగిలినచో పానా ఎఱ్ఱగా కాలును. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగ ఎన్నడును విప్పరాదు; డైనమోలోని డయోడులు పోవును. డైనమో పని చేయుచున్నదో లేదో చూచుటకు అట్లు విప్పు అలవాటు కొందరు మిస్త్రీలకు ఇంకను కలదు. మీ బండిపై ఆ పరీక్ష చేయనీయకుడు.

ఎర్తు బిగించుచోట రంగును, తుప్పును గరుకు కాగితముతో గీకి ఇనుము మెరయునట్లు చేయవలెను. పండ్ల వాషరు వేసి గట్టిగా బిగించి, బిగించిన తరువాత పైన వ్యాజలీను గాని, రంగు గాని పూయవలెను. రంగు పైననే బిగించుట మన వర్కుషాపులలో సర్వసాధారణము. కొత్త తీగ వేసినను గుణము కనబడకపోవుటకు అదియే కారణము. లగ్గును సుత్తితో కొట్టక క్రింపింగు యంత్రముతో నొక్కించవలెను. రాగి పూత పూసిన అల్యూమినియము తీగను రాగి అని అమ్ముచున్నారు. కొన కోసి గీకి చూచినచో లోపల తెల్లగా కనబడును, అట్టిది తీసికొనరాదు. బ్యాటరీ కొనలపై పేరుకొన్న తెల్లని పొడిని వంట సోడా కలిపిన నీటితో కడుగవలెను; మూతలు మాత్రము బిగించియుండవలెను. లోపలికి డిస్టిల్డు నీరే గాని బోరు నీరు పోయరాదు. ఆమ్లము కూడ పోయరాదు.

2020 ఏప్రిల్ 1 తరువాత వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో ఇంజను కంప్యూటరు తప్పనిసరి. కొన్నిటిలో బ్యాటరీ మైనస్సు కొనపై చిన్న సెన్సరు కూడ ఉండును. అట్టి బండికి అదనపు పరికరముల ఎర్తును బ్యాటరీ కొనకు కట్టక, ఛాసీకి కట్టవలెను. లేనిచో సెన్సరు లెక్క తప్పును. గ్యారంటీ తీరని బండి అయినచో కంపెనీ వర్కుషాపులోనే ఈ పని చేయించవలెను. బండి తొట్టికి వెల్డింగు పెట్టించునప్పుడు బ్యాటరీ తీగలు రెండును విప్పి, వెల్డింగు ఎర్తు క్లాంపును వెల్డింగు చేయుచోటికి దగ్గరగా తగిలించవలెను.

అద్దె యంత్రముల కేంద్రములలో బండ్ల బాధ్యత గల గ్రామాధికారులకు ఒక సూచన. పంట లేని నెలలలో నిలిచిపోవు బండికి మైనస్సు తీగ విప్పియుంచి, నెలకొకసారి బ్యాటరీని ఛార్జి చేయించవలెను. తీగలు మార్చిన తేదీ, ఆనాడు ఎర్తుపై వచ్చిన వోల్టు అంకె ఒక చీటీపై వ్రాసి బానెటు లోపల అతికించవలెను. పై రైతు బండిలో ఆ అంకె 0.12. ఎరువుల కాలము గడచిన తరువాత చూడగా 0.15 వచ్చినది. బోల్టు విప్పి గీకి మరల బిగించగా తిరిగి 0.12కు వచ్చినది.